నిఫ్టీ ఫిఫ్టీ, ఒక ట్యూబు, ఇంట్లో వస్తువులు: ఫొటోగ్రఫీ స్టూడెంట్ కిట్ సమీక్ష

ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకి తొందరలోనే ఒక అసైన్‌మెంట్ పడుతుంది: రోజూ కళ్లముందు ఉండే వస్తువుల్ని తీసుకుని, రోజూ కనిపించేట్టు కాకుండా చూపించండి. చెంచా, గాజు గ్లాసు, నీటి చుక్క, ప్లాస్టిక్ స్కేలు. మాక్రో లెన్సు (చిన్న వస్తువుల్ని బాగా దగ్గరగా తీసే లెన్సు) కొనాలేమో అన్న బెంగ అప్పుడే మొదలవుతుంది. అక్కర్లేదు. ఫొటోగ్రాఫర్లు 'నిఫ్టీ ఫిఫ్టీ' అని పిలుచుకునే కెనాన్ ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సు ఒకటీ, దానికీ కెమెరాకీ మధ్య పెట్టే, కరెంటు అందించే లోహపు కాంటాక్టులున్న ఎక్స్‌టెన్షన్ ట్యూబు ఒకటీ ఉంటే ఈ తరహా పని చాలామటుకు గడిచిపోతుంది. కాకపోతే ఈ లెన్సులో ఒక మెలిక ఉంది. దీని ఫోకస్ రింగుని చేత్తో తిప్పినా, లోపల ఫోకస్‌ని కదిలించేది కెమెరా ఇచ్చే కరెంటే, చేతి బలం కాదు. ఏ యాక్సెసరీ కొనాలి, ఏది కొంటే డబ్బు దండగ అన్నది సగం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. కొట్లో ఎవరూ చెప్పరు.

లెన్సు సంగతి

2015లో వచ్చిన లెన్సు ఇది. అంతకుముందు 1990 నుంచి పాతికేళ్లు నడిచిన 'టూ' మోడల్ స్థానంలో వచ్చింది. పాతదాని మౌంటు ప్లాస్టిక్, దీనిది లోహం. పాతదాని అపెర్చర్‌లో (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రంలో) 5 బ్లేడ్లు, దీనిలో వంపు అంచులున్నవి 7. ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, చిన్న వస్తువులు తీసేవాళ్లకి అసలు తేడా వేరే చోట ఉంది. పాతది 45 సెం.మీ. కంటే దగ్గరికి ఫోకస్ అవదు. ఇది 35 సెం.మీ. దాకా వస్తుంది. దాంతో గరిష్ఠ మాగ్నిఫికేషన్ (సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువులో ఎన్నో వంతు అన్నది) 0.15 నుంచి 0.21కి పెరిగింది. 22.3 మి.మీ. వెడల్పున్న ఏపీఎస్-సీ సెన్సర్ (మామూలు కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్) మీద 0.21 అంటే, అడ్డంగా సుమారు 106 మి.మీ. ఉన్న వస్తువు ఫ్రేమ్‌ని నింపేస్తుంది. కప్పు, కళ్లజోడు, తాళాల గుత్తి లాంటివి ట్యూబు లేకుండానే నిండుగా వస్తాయన్నమాట. ఈ 35 సెం.మీ. లెన్సు మూతి నుంచి కాదు, సెన్సర్ నుంచి కొలిచే దూరం. కెమెరా పైభాగాన వృత్తానికి అడ్డంగా గీత ఉన్న గుర్తు కనిపిస్తుందే, అక్కడి నుంచి.

బరువు 160 గ్రాములు, ఫిల్టర్ సైజు 49 మి.మీ. ఏపీఎస్-సీ బాడీ మీద ఇది, పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీద 80 మి.మీ. లెన్సు చూపించేంతే చూపిస్తుంది, కాబట్టి ఇరుకు గదిలో బల్ల మొత్తాన్ని ఒకే ఫ్రేమ్‌లో పట్టాలంటే వెనక్కి జరగడానికి చోటు చాలదు. బల్ల మీది ఒక్క వస్తువుకైతే ఈ ఇరుకుదనమే మంచిది. వెనకాల ఉన్న చెత్తాచెదారం ఫ్రేమ్‌లోకి రాదు.

ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ అపెర్చర్ చిన్నదవుతుంది. పూర్తిగా తెరిచిన ఎఫ్/1.8 దగ్గర బొమ్మ కాస్త మెత్తగా, కాంట్రాస్ట్ తగ్గి వస్తుంది. ఎఫ్/2.8కి మధ్యభాగం గట్టిపడుతుంది, ఎఫ్/5.6కి మూలలు కూడా తేరుకుంటాయి. ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీద ఎఫ్/1.8లో మూలలు నల్లబడటం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ధరల శ్రేణిలో దీన్ని తప్పుపట్టలేం.

తప్పుపట్టాల్సింది రంగు అంచుల్ని. స్టీలు చెంచా తీసుకుని, కిటికీ వెలుతురు దాని అంచు మీద తళుక్కున పడేట్టు పెట్టి, ఎఫ్/1.8లో దగ్గరగా తీసి చూడండి. ఫోకస్ పడిన చోటికి ముందున్న మెరుపులకి ఊదా అంచు, వెనకున్న మెరుపులకి ఆకుపచ్చ అంచు వస్తాయి. ఒక రంగు ఒక లోతులో, ఇంకో రంగు ఇంకో లోతులో ఫోకస్ కావడం వల్ల వచ్చే దోషం ఇది. ఫ్రేమ్ మూలల్లో వచ్చే రంగు అంచుల్ని సాఫ్ట్‌వేర్ ఒక్క టిక్కుతో తీసేస్తుంది. ఇవి అలా పోవు. చేత్తో తుడిస్తే పక్కనున్న అసలు రంగు కూడా చచ్చిపోతుంది. ఎఫ్/4కి వెళ్తే చాలావరకు తగ్గిపోతాయి. స్టీలు, గాజు, నీరు తీసేటప్పుడు ఎఫ్/1.8 జోలికి పోకండి. దాన్ని సీరియల్ బల్బుల కోసం దాచుకోండి.

అసలు ఎఫ్/1.8లో 35 సెం.మీ. దగ్గర ఎంత లోతు స్పష్టంగా వస్తుందో లెక్కేస్తే, ఏపీఎస్-సీ మీద 2 మి.మీ. కూడా రాదు. చెంచా పిడి మీద ఫోకస్ పెడితే గిన్నె భాగం మాయమవుతుంది. ఎఫ్/8కి 8 మి.మీ. పైచిలుకు వస్తుంది.

బారెల్ గురించి ఒక మాట. దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ లోపలి గొట్టం ముందుకి వస్తుంది. వచ్చిన స్థితిలోనే కెమెరా ఆపేస్తే అది అలాగే నిలబడిపోతుంది, చేత్తో తోసి లోపలికి పంపకూడదు. సంచిలో వేసే ముందు దూరంగా ఉన్న దేని మీదైనా ఒకసారి ఫోకస్ చేసి, గొట్టం లోపలికి వెళ్లాక ఆపండి. బయటికి వచ్చిన గొట్టానికి దెబ్బ తగిలితే లోపలి ఫోకస్ యంత్రాంగం పోతుంది. ఫిల్టర్ మరలు కూడా ఈ కదిలే గొట్టం మీదే ఉన్నాయి. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

కరెంటు రింగు, ట్యూబులు

ఎక్స్‌టెన్షన్ ట్యూబులో గాజు ఉండదు, ఖాళీ గొట్టం. లెన్సుని సెన్సర్ నుంచి దూరం జరపడమే దాని పని. అలా జరిపితే లెన్సు ఇంకా దగ్గరి వస్తువుల మీద ఫోకస్ చేయగలుగుతుంది. గాజు లేదు కాబట్టి చవకదైనా ఖరీదైనదైనా బొమ్మ నాణ్యత ఒకటే అనుకోవచ్చు, అది చాలావరకు నిజమే. కానీ బంగారు రంగు కాంటాక్టులు లేని ఉత్త గొట్టం కొంటే రెండు పనులు ఆగిపోతాయి. అపెర్చర్ ఎఫ్/1.8లోనే ఉండిపోతుంది. కరెంటు అందదు గనక ఫోకస్ రింగు ఎంత తిప్పినా లోపల ఏమీ కదలదు. పాత 'టూ' మోడల్‌లో రింగు నేరుగా గేర్లకి తగిలి ఉండేది, ఉత్త గొట్టంతో కూడా ఫోకస్ చేసుకోగలిగేవాళ్లు. ఆ రోజుల్లో రాసిన సలహాలు చదివి ఈ లెన్సుకి ఉత్త గొట్టం కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పటికే కొనేసినవాళ్లకి ఒక దారి ఉంది. లెన్సుని ముందు నేరుగా కెమెరాకి తగిలించి, దగ్గరి దూరానికి ఫోకస్ పెట్టి, ఎఫ్/8 ఎంచుకోండి. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (ఫొటో తీయకముందే అపెర్చర్‌ని ఎంచుకున్నంత మూసే బటన్) నొక్కి పట్టుకుని, బటన్ వదలకుండా లెన్సు విప్పండి. బ్లేడ్లు ఎఫ్/8 దగ్గరే బిగుసుకుపోతాయి. ఆ తర్వాత గొట్టం మీద పెట్టుకోవచ్చు. బటన్ లేని చిన్న బాడీల్లో ఆ పనిని సెట్ బటన్‌కి అప్పగించే అవకాశం మెనూలో ఉందేమో వెతకండి. పని జరుగుతుంది గానీ, ఎఫ్/8 నుంచి ఎఫ్/11కి మారాలన్నా మొత్తం విప్పి మళ్లీ ఇదే తతంగం. పైగా వ్యూఫైండర్ చీకటిగా ఉంటుంది. పట్టుమని పది ఫొటోలు తీయకముందే విసుగొస్తుంది.

కాబట్టి కాంటాక్టులున్నదే కొనండి. కెనాన్ సొంతవి 12 మి.మీ., 25 మి.మీ. సైజుల్లో వచ్చాయి. ఇతర కంపెనీల మూడు ముక్కల సెట్లలో సాధారణంగా 12, 20, 36 ఉంటాయి. ఏది ఎంత దగ్గరికి తెస్తుందో కాగితం మీదే తేల్చుకోవచ్చు: ట్యూబు పొడవుని 50తో భాగించి, లెన్సు సొంత మాగ్నిఫికేషన్‌కి కలపండి. 12 మి.మీ. ట్యూబుతో ఫోకస్ అనంతం దగ్గర ఉంటే 0.24, దగ్గరి చివర ఉంటే 0.45. అంటే ఫ్రేమ్‌లో అడ్డంగా 93 మి.మీ. నుంచి 50 మి.మీ. దాకా పడుతుంది. 20కి 0.61 వరకు, 36కి 0.93 వరకు వస్తుంది. చివరిదానికి ఫ్రేమ్ వెడల్పు 24 మి.మీ. మాత్రమే, దాదాపు ఒక నాణెం అంత. మూడూ కలిపి 68 పెడితే నిజ సైజుని (మాగ్నిఫికేషన్ 1) దాటిపోతుంది గానీ, వస్తువు లెన్సు మూతికి బాగా దగ్గరగా వచ్చేస్తుంది, లెన్సు నీడే దాని మీద పడుతుంది. ప్లాస్టిక్ మౌంట్లున్న సెట్లయితే మూడు జోడించినప్పుడు కొంచెం వాలుతాయి కూడా.

ఒక్కటే కొనాలంటే 12 కొనండి. ఇంటి వస్తువులకి ఎక్కువగా పనికొచ్చేది అదే. 36 చూడ్డానికి ఊరిస్తుంది గానీ, దానితో వస్తువు పది సెంటీమీటర్ల లోపు దూరంలో ఉండాలి, లైటు పెట్టడానికే చోటుండదు.

వెలుతురు తగ్గడం ఇంకో లెక్క. మాగ్నిఫికేషన్‌కి ఒకటి కలిపి, పెట్టుకున్న ఎఫ్ నంబరుని దాంతో గుణిస్తే అసలు జరిగే అపెర్చర్ వస్తుంది. నిజ సైజు దగ్గర ఎఫ్/8 పెడితే సెన్సర్‌కి అందేది ఎఫ్/16 అంత వెలుతురే, రెండు స్టాపులు గల్లంతు, అంటే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. కెమెరా తెర మీద మాత్రం ఎఫ్/8 అనే ఉంటుంది. మీటరు సరిగ్గానే కొలుస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ తప్పదు. కానీ డిఫ్రాక్షన్ (సన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదరడం) వల్ల వచ్చే మెత్తదనం కూడా ఎఫ్/16దే వస్తుంది. 36 ట్యూబు మీద ఎఫ్/16 పెట్టి, లోతు పెరిగిందని సంబరపడి, ఫొటో మొత్తం ఎందుకు మసకగా ఉందని తల పట్టుకోవడం ఇక్కడే మొదలవుతుంది. అది దాదాపు ఎఫ్/31 మరి. ట్యూబు ఉన్నప్పుడు ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మంచి చోటు, అవసరం పడితేనే ఎఫ్/11.

ఆటోఫోకస్ ట్యూబుతో పనిచేస్తుంది గానీ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది. స్విచ్‌ని ఎంఎఫ్‌లో (చేత్తో ఫోకస్) పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) 10 రెట్లు పెద్దది చేసుకుని, ఫోకస్ రింగుతో ఫ్రేమ్ సైజు తేల్చుకున్నాక చివరి సవరణకి కెమెరానో వస్తువునో జరపండి. కెమెరా నిద్రలోకి జారుకుంటే రింగు కూడా నిద్రపోతుంది. షట్టర్ బటన్ సగం నొక్కి లేపాలి. రెండు సెకన్ల టైమరు వాడకపోతే బటన్ నొక్కిన కుదుపే ఫొటోలో కనిపిస్తుంది.

రివర్స్ రింగు, అంటే లెన్సుని తిప్పి తగిలించే 49 మి.మీ. రింగు, ఈ లెన్సుకి మంచిది కాదు. ఫిల్టర్ మరలు కదిలే గొట్టం మీద ఉన్నాయని చెప్పుకున్నాం కదా. తిప్పి పెడితే లెన్సు బరువంతా ఆ గొట్టం మీద, దాన్ని నడిపే సన్న గేర్ల మీద పడుతుంది. అలాంటి ప్రయోగాలకి పాత మాన్యువల్ లెన్సు ఏదైనా వాడండి.

గాజు, నీటి చుక్క

నీళ్లు నింపిన గ్లాసు వెనక బాణం గీసిన కాగితం పెడితే బాణం తిరగబడుతుందని అందరికీ తెలుసు. అయినా చాలామంది ఫొటోల్లో అది తిరగబడదు, ఎక్కడో మధ్యలో చెదిరిపోయి గీతలు గీతలుగా వస్తుంది. దూరం సరిపోకపోవడమే కారణం. నీళ్ల గ్లాసు ఒక స్తంభాకారపు లెన్సు. నీటికి దాని ఫోకల్ దూరం, గ్లాసు మధ్య నుంచి కొలిస్తే, వ్యాసార్ధానికి రెండింతలు. 7 సెం.మీ. వెడల్పున్న గ్లాసుకి వ్యాసార్ధం 3.5, ఫోకల్ దూరం 7. అంటే గ్లాసు వెనక గోడకి 3.5 సెం.మీ. లోపల కాగితం ఉంటే బాణం తిరగదు, లావుగా సాగుతుంది అంతే. సరిగ్గా ఆ దూరంలో ఉంటే అలుక్కుపోతుంది. పదిహేను సెం.మీ. వెనక్కి జరిపితే ఎడమ కుడి మారి, శుభ్రంగా నిలబడుతుంది. నిలువు గీతల కాగితం, గళ్ల గుడ్డ, రంగు పెన్సిళ్ల వరస, ఏది పెట్టినా సూత్రం ఇదే. పైకీ కిందకీ మాత్రం తిరగదు, గ్లాసు ఆ దిశలో వంపు తిరిగి లేదు కాబట్టి. గ్లాసు లోపలి గోడకి గాలి బుడగలు అంటుకుంటే కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. బయటి వేలిముద్రలకి మెత్తటి గుడ్డ, పట్టుకోవడానికి చేతికి తొడుగు. లేకపోతే తుడిచిన ప్రతిసారీ కొత్త ముద్రలు.

చుక్కలో పువ్వు బొమ్మ కూడా ఇదే సూత్రం, చిన్న కొలతలో. కానీ అక్కడొక చిక్కుంది. బొమ్మ చుక్క లోపల ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకని చుక్క అంచు మీద ఫోకస్ పెడతారు. పువ్వు మసకగా వస్తుంది. నిజానికి ఆ బొమ్మ ఏర్పడేది చుక్క ముందు, కెమెరా వైపు గాల్లో. 3 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి చుక్క అయితే బొమ్మ చుక్క మధ్య నుంచి 3 మి.మీ. ఇవతల ఉంటుంది, అంటే ముందు తలానికి ఒకటిన్నర మి.మీ. ముందుగా. చుక్క ఆకారం తెలిపే అంచు గీత మధ్య తలంలో ఉంది. రెండూ స్పష్టంగా రావాలంటే 3 మి.మీ. లోతు కావాలి.

12 మి.మీ. ట్యూబు ఇక్కడ అక్కరకొస్తుంది. దాని దగ్గరి చివర, అంటే 0.45 మాగ్నిఫికేషన్‌లో, ఎఫ్/11 పెడితే ఏపీఎస్-సీ మీద సరిగ్గా 3 మి.మీ. లోతు వస్తుంది. ఫోకస్ బొమ్మ మీదా కాదు, అంచు మీదా కాదు, రెండిటి మధ్య పెట్టాలి. అసలు అపెర్చర్ ఎఫ్/16 అవుతుంది గనక కొంచెం మెత్తదనం తప్పదు. అది ఒప్పుకోకపోతే ఎఫ్/5.6లో ఒకటి బొమ్మ మీద, ఒకటి మధ్యలో, ఒకటి అంచు మీద తీసి, మూడింటినీ సాఫ్ట్‌వేర్‌లో కలపండి. 36 ట్యూబు పెట్టి చుక్కని పెద్దది చేయాలని చూస్తే లోతు ఒక మి.మీ. కంటే తగ్గిపోతుంది, ఒక్క ఫొటోలో ఇక కుదరదు. ముందు 12తో తీసి, తర్వాత కత్తిరించుకోవడం మేలు.

చుక్క నిలవాలంటే నీళ్లూ గ్లిజరినూ సగం సగం కలిపి, సిరంజితో కాడ మీద వేలాడదీయండి. ఉత్త నీళ్లయితే లైటు సర్దేలోపే జారిపోతుంది, లేదా ఆరిపోతుంది. వెనక పెట్టే పువ్వుని తలకిందులుగా పెడితే చుక్కలో నిటారుగా కనిపిస్తుంది. వెనక పువ్వు మీద విడిగా వెలుతురు పడకపోతే చుక్కలో ఏమీ కనిపించదు, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

కాగితం కత్తిరించి చేసే బొకే

వెనక బల్బుల మసక చుక్కల్ని (వీటినే బొకే అంటారు) నక్షత్రాలుగా, హృదయాకారాలుగా మార్చడానికి నల్ల కాగితం, కత్తెర చాలు. ఎఫ్/1.8 దగ్గర ఈ లెన్సు ముందు నుంచి కనిపించే రంధ్రం వ్యాసం 50ని 1.8తో భాగిస్తే వచ్చే 28 మి.మీ. కత్తిరించిన ఆకారం అంతకంటే పెద్దదైతే దాని అంచులు పనిచేయవు, మళ్లీ గుండ్రటి చుక్కలే వస్తాయి. మరీ చిన్నదైతే చుక్కలు చిన్నబోయి, వెలుతురు కూడా పడిపోతుంది. 15 మి.మీ. ఆకారం అంటే దాదాపు ఎఫ్/3.3 పెట్టినట్టే. 15 నుంచి 20 మధ్య బాగుంటుంది. కెమెరాలో అపెర్చర్ ఎఫ్/1.8 మీదే ఉంచాలి.

కాగితాన్ని టేపుతో బారెల్‌కి అంటించకండి. టేపు కదిలే గొట్టాన్నీ బయటి గొట్టాన్నీ కలిపి పట్టేస్తే మోటారు తిప్పలు పడుతుంది. పాత 49 మి.మీ. ఫిల్టర్ ఫ్రేమ్‌లోంచి గాజు తీసేసి, అందులో కాగితం బిగించడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. అక్షరం కత్తిరిస్తే, కెమెరా వెనక నుంచి చూసినప్పుడు సరిగ్గా చదవగలిగేట్టు పెట్టండి. ఫోకస్‌కి వెనకున్న బల్బుల్లో అది నిటారుగా వస్తుంది, ముందున్న బల్బుల్లో తలకిందులవుతుంది.

ఆకారాలు కనిపించకపోవడానికి అసలు కారణం ఎక్కువగా కాగితం కాదు, దూరాలు. వస్తువు 35 సెం.మీ. దగ్గర, సీరియల్ బల్బులు 3 మీటర్ల దగ్గర ఉంటే ఒక్కో మచ్చ ఏపీఎస్-సీ ఫ్రేమ్ వెడల్పులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. బల్బుల్ని అక్కడే ఉంచి వస్తువుని కెమెరాకి ఒక మీటరు దూరంలోకి జరిపితే మచ్చ ఇరవయ్యో వంతుకంటే చిన్నదైపోతుంది, నక్షత్రమో చుక్కో తెలియదు. ఇవి కాగితం లేనప్పటి కొలతలు. కాగితం పెడితే ఆకారం ఎంత చిన్నదో మచ్చ అంత తగ్గుతుంది.

ప్లాస్టిక్‌లో రంగులు

ఈ కిట్‌కి 49 మి.మీ. సర్క్యులర్ పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుతురుని మాత్రమే పంపే ఫిల్టర్) ఒకటి చేరిస్తే వచ్చే ప్రయోగం మిగతావాటన్నిటికంటే బాగుంటుందని మా అభిప్రాయం. ఫోకస్ చేసేటప్పుడు ఈ లెన్సు ముందుభాగం తిరగదు, కాబట్టి ఫిల్టర్ పెట్టిన చోటే ఉంటుంది. ఎల్‌సీడీ మానిటర్‌లో తెల్లటి పేజీ తెరవండి. ఆ వెలుతురు ముందే పోలరైజ్ అయి వస్తుంది. ఫిల్టర్ తిప్పుతూ పోతే ఒక చోట తెర నల్లబడిపోతుంది. ఇప్పుడు తెరకీ కెమెరాకీ మధ్యలో ప్లాస్టిక్ చెంచా, కోణమానిని, సీడీ డబ్బా ఏదైనా పెట్టండి. నల్లటి నేపథ్యం మీద ఇంద్రధనుస్సు రంగులు పూస్తాయి. అచ్చు పోసినప్పుడు ప్లాస్టిక్‌లో బిగుసుకుపోయిన ఒత్తిళ్లే ఆ రంగులు. అందుకే అచ్చులోకి ప్లాస్టిక్ దూరిన చోట, మూలల దగ్గర చారలు దట్టంగా ఉంటాయి. గాజు ముక్క మీద పారదర్శకమైన సెల్లో టేపుని పొరలు పొరలుగా, వేర్వేరు కోణాల్లో అంటిస్తే పొరల సంఖ్యని బట్టి రంగు మారుతుంది. అన్ని టేపులూ పనిచేయవు, ఒక ముక్క పెట్టి చూసుకోండి. ఫోన్ తెరల్లో చాలావాటికి ఇది కుదరదు, ల్యాప్‌టాప్ తెర నమ్మకం.

తెరకి ఆనించి పెడితే పిక్సెళ్ల గళ్లు కూడా ఫోకస్‌లోకి వచ్చి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. వస్తువుని తెర నుంచి 15, 20 సెం.మీ. ఇవతల పెట్టండి. షట్టర్ 1/30 లేదా అంతకంటే నెమ్మదిగా ఉంచితే తెర మినుకుల వల్ల వచ్చే పట్టీలు కనిపించవు. నల్లటి నేపథ్యం చూసి మీటరు మోసపోయి వెలుతురు ఎక్కువ పెడుతుంది, రంగులు వెలిసిపోతాయి. ఒక స్టాపు తగ్గించి మొదలుపెట్టండి. గదిలో లైట్లన్నీ ఆపేయాలి, లేకపోతే ప్లాస్టిక్ మీద ఆ లైట్లే మెరుస్తాయి.

నూనె, చెంచా, విప్పిన లెన్సు

నీళ్ల మీద నూనె చుక్కల ఫొటోకి గాజు గిన్నెని రంగు కాగితానికి కనీసం 20 సెం.మీ. పైన నిలబెట్టాలి. తక్కువ ఎత్తులో పెడితే కాగితం మీది గీతలు, ముడతలు కూడా కనిపిస్తాయి. వెలుతురు కింద కాగితం మీదకి పక్క నుంచి వేయండి, పై నుంచి వేస్తే నీటి మీద లైటు ప్రతిబింబం పడుతుంది. గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే బుడగలు విడివిడిగా ఉంటాయి. ఎక్కువ వేసి గిలక్కొడితే నీళ్లు పాలలా తెల్లబడతాయి, ఇక పారబోయడమే. 20 మి.మీ. ట్యూబు, ఎఫ్/5.6. దగ్గరి చివర లోతు ఏపీఎస్-సీ మీద మిల్లీమీటరు లోపే ఉంటుంది కాబట్టి కెమెరా నీటి మట్టానికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. కొంచెం ఒరిగినా ఒక పక్క బుడగలు మసకబారతాయి. కలిపాక ఒక నిమిషం ఆగండి.

చెంచా తీసేటప్పుడు కెమెరా, మీరు, గది మొత్తం అందులో కనిపిస్తారు. బటర్ పేపర్ లేదా ట్రేసింగ్ షీటుని చెంచా చుట్టూ గుడారంలా నిలబెట్టి, లెన్సు పట్టేంత రంధ్రం చేసి అందులోంచి తీయండి. రంధ్రం నల్ల చుక్కగా మిగులుతుంది. చెంచాని కొంచెం పక్కకి తిప్పితే అది అంచుకి జారుతుంది.

లెన్సు విప్పి, మౌంటు ముందు చేత్తో పట్టుకుని కొంచెం వంచి, ఫ్రేమ్‌లో ఒక పట్టీ మాత్రమే స్పష్టంగా వచ్చేట్టు తీసే పద్ధతికి ఈ లెన్సు బాగానే ఒదుగుతుంది. విప్పినా అపెర్చర్ పూర్తిగా తెరిచే ఉంటుంది. నికాన్ జీ రకం లెన్సులయితే విప్పగానే మూసుకుపోతాయి, మీటని వేలితో పట్టుకోవాలి. ముందే ఫోకస్‌ని అనంతానికి పంపి, తర్వాత విప్పండి. ఎం (మాన్యువల్) మోడ్‌లో తీయాలి, తెర మీద ఎఫ్00 అని పడుతుంది. మిర్రర్‌లెస్ బాడీల్లో లెన్సు లేకుండా షట్టర్ పడే సెట్టింగు ఆన్ చేసుకోవాలి. సెన్సర్ మీద దుమ్ము పడటం ఖాయం, గాలి ఆడే చోట చేయకండి.

ఎవరు కొనకూడదు

కెనాన్ ఆర్ఎఫ్ బాడీ (కొత్త మిర్రర్‌లెస్ మౌంటు) ఉండి ఇంకా ఏ ఈఎఫ్ (పాత ఎస్‌ఎల్‌ఆర్ మౌంటు) లెన్సూ లేనివాళ్లు ఇది కొని అడాప్టరు తగిలించుకోవడంలో అర్థం లేదు. 2020లో వచ్చిన ఆర్ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం కూడా 160 గ్రాములే, 30 సెం.మీ. దాకా వస్తుంది, మాగ్నిఫికేషన్ 0.25. ఫిల్టర్ సైజు మాత్రం 43 మి.మీ., ట్యూబు కూడా ఆర్ఎఫ్ మౌంటుదే కావాలి. పురుగులు తీయాలన్నదే మీ ఆశయమైతే ఈ కిట్ వద్దు. దూరం చాలదు, అవి ఎగిరిపోతాయి. వంద మి.మీ. మాక్రో కోసం ఆగండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే కెమెరాకి తగిలించి, ఎంఎఫ్‌లో రింగుని ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూడండి. గొట్టం ఎక్కడా ఆగకుండా, గరగరమనకుండా కదలాలి. 49 మి.మీ. ఫిల్టర్ ఒకటి వెంట తీసుకెళ్లి బిగించండి. మర నలిగి ఉంటే ఎక్కదు, కింద పడిన లెన్సని అదే చెబుతుంది. ట్యూబునైతే మధ్యలో పెట్టి ఎఫ్/8, ఎఫ్/16 మారుస్తూ ప్రివ్యూ నొక్కండి. లోపల బ్లేడ్లు మూసుకోవడం కంటికి కనిపించాలి. కనిపించకపోతే కాంటాక్టులు పనిచేయడం లేదు, తిరిగి ఇచ్చేయండి.